కోడిమాంసం – మందులకు లొంగని క్రిములు

ఆదివారం వచ్చినదంటే పెద్దవూర మొదలు మిర్యాలగూడ, కోదాడ వరకు కోడిమాంసం దుకాణాల వద్ద రద్దీ కనిపిస్తుంది. కుక్కుట మాంసం స్నిగ్ధమనీ, ఉష్ణమనీ, బలకరమనీ చరకసంహిత సూత్రస్థానం చెప్పినది. ఆ గుణాలను కాదనవలసిన పని లేదు. అయితే నేటి ఫారం కోడిని వండుకొనే గృహిణులు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉన్నది.

క్రిములు ఎందుకు మొండికెత్తుతాయి?

ఫారాలలో వేలాది కోళ్ళను ఒకేచోట పెంచుతారు. రోగం రాకుండా ఉండుటకు, త్వరగా బరువెక్కుటకు దాణాలో, నీటిలో యాంటీబయాటిక్ మందులను స్వల్ప మోతాదులో కలిపే అలవాటు పలు దేశాలలో ప్రబలినది. స్వల్ప మోతాదుకు బలహీనమైన క్రిములు నశిస్తాయి. తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. పైగా ఆ శక్తిని ఒక జాతి క్రిమి మరొక జాతికి అందించగలదు. చాలని మోతాదు క్రిములను మొండివిగా మారుస్తుందని పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించాడు.

ఇతర మందులు పనిచేయనప్పుడు వైద్యులు వాడే కోలిస్టిన్‌ను కూడ కోళ్ళకు వాడినారు. దానిని తట్టుకొనే, క్రిమి నుండి క్రిమికి సులభంగా సంక్రమించే జన్యువు చైనాలో బయటపడినట్లు 2015లో వెల్లడైనది. ఆహారానికై పెంచే జీవులకు, కోళ్ళకు కోలిస్టిన్ వాడకాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధించినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కూడ దక్షిణ భారతదేశపు కోళ్ళలో మందులను ఎదిరించే జన్యువులను గుర్తించినారు.

వంటింటి జాగ్రత్తలు

మొండి క్రిమి అయినా నిప్పుకు లొంగవలసినదే. ముక్క లోపలిభాగం 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి చేరితే అది నశిస్తుంది. ఎముక వద్ద ఎరుపు లేకుండా బాగుగా ఉడికించండి. అసలు ప్రమాదం పచ్చిమాంసంతోనే. కుళాయి క్రింద కడిగితే తుంపరలు గిన్నెలపై, కూరగాయలపై పడతాయి. కనుక ధార పెట్టి కడగరాదు. పచ్చిమాంసానికి కత్తి, పలక వేరుగా ఉంచండి. తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనండి. ఉప్పు, పసుపు పట్టించుట రుచికి మంచిదే. క్రిములను చంపుటకు దానిని నమ్ముకొనరాదు.

మందు విషయంలో

జలుబుకు, మామూలు దగ్గుకు దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ కొని మ్రింగరాదు. అల్లం, తులసి కషాయం అటువంటి వేళలలో ఉపశమనమిస్తుంది. కాని తీవ్రజ్వరం, రక్తవిరేచనాలు, మూత్రంలో మంటతో కూడిన చలిజ్వరం వచ్చినప్పుడు కషాయాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళండి. వైద్యుడు వ్రాసిన మందును ఆయన చెప్పినన్ని రోజులు వాడండి.

వాయువు, జలం, దేశం, కాలం చెడినప్పుడు జనులందరూ ఒక్కసారిగా రోగగ్రస్తులౌతారని చరకుడు జనపదోధ్వంస ప్రకరణంలో వివరించినాడు. మొండి క్రిములు కూడ ఒక ఇంటితో ఆగవు. కోడి తినని ఇంటికైనా రేపు మందు పనిచేయని దుస్థితి రావచ్చును. కాబట్టి ఈ జాగ్రత్త అందరిదీ.