లోతంతా గిన్నెదే: డీప్ డిష్ పిజ్జాపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్–విజయవాడ బస్సు సూర్యాపేటలో ఆగితే ఒకప్పుడు ఇడ్లీ, మిర్చి బజ్జీ, చాయ్. ఇప్పుడు ఆ వరుసలో పిజ్జా బోర్డులూ చేరాయి. కోదాడ దాకా వెళ్లినా అంతే, ఇటు మిర్యాలగూడకు తిరిగినా అంతే. ఆ బోర్డుల మీద నాలుగు మాటలు తరచూ కనిపిస్తాయి: పాన్, చీజ్ బరస్ట్, స్టఫ్డ్, డీప్ డిష్. ఇవి నాలుగు వేర్వేరు వస్తువులు. మెనూ కార్డు మీద మాత్రం ఏ పేరు బాగా అమ్ముడుపోతుందనిపిస్తే ఆ పేరు అచ్చేస్తారు. డబ్బు పెట్టేవాడికి ఏం వస్తుందో తెలియదు, అమ్మేవాడికీ చాలాసార్లు తెలియదు. మంచి డీప్ డిష్ కోసం వెతికేవాళ్లు ముందు ఈ చిక్కుముడి విప్పుకోవాలి.

అపోహ: చీజ్ బరస్ట్, స్టఫ్డ్ క్రస్ట్, పాన్, డీప్ డిష్ అన్నీ ఒకటే. పేర్లే వేరు.

ఒకటి కాదు. చీజ్ బరస్ట్ అంటే రెండు పలుచని బేస్‌ల మధ్య జారుగా ఉండే చీజ్ పోసి కాల్చినది. కోయగానే కారుతుంది, పేరు అందుకే వచ్చింది. స్టఫ్డ్ క్రస్ట్‌లో చీజ్ అంచులో మాత్రమే ఉంటుంది. పిండి అంచును లోపలికి మడిచి, ఆ మడతలో చీజ్ దాస్తారు. 1995లో అమెరికాలో పిజ్జా హట్ దీన్ని దేశమంతటా తెచ్చింది. పాన్ పిజ్జా అంటే నూనె రాసిన పెనంలో పొంగనిచ్చిన మందపాటి, స్పంజిలాంటి బేస్. మన దేశంలో డామినోస్ 1996 జనవరిలో ఢిల్లీలో, పిజ్జా హట్ అదే ఏడాది జూన్‌లో బెంగళూరులో అడుగుపెట్టాయి. చాలామంది తెలుగువాళ్ల నాలుకకు పిజ్జా అంటే ఏమిటో నేర్పింది ఈ రెండే కాబట్టి, వాటి దగ్గర దొరికే రకాలనే లోకంలోని రకాలన్నీ అనుకున్నాం.

డీప్ డిష్ వేరే కథ. రెండంగుళాల లోతున్న గుండ్రటి గిన్నెలో పిండి పరిచి, అంచుల వెంట పైకి ఎక్కించి, ఆ తొట్టిలో అడుగున చీజ్, దాని మీద కూరగాయలో మాంసమో, అన్నిటికన్నా పైన టమాటా వేసి కాలుస్తారు. దీని మీద పలుచని పిండి పొర ఇంకొకటి కప్పి, అంచులు కలిపి మూసి, ఆవిరి పోవడానికి చిన్న గాటు పెట్టి, దాని మీద టమాటా పోస్తే అది స్టఫ్డ్ పిజ్జా. అంటే స్టఫ్డ్ క్రస్ట్‌కీ స్టఫ్డ్ పిజ్జాకీ పేరులో తప్ప చుట్టరికం లేదు. కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న చాలు: “అన్నా, టమాటా పైన వేస్తరా, కింద వేస్తరా?” కింద అని జవాబు వస్తే అది డీప్ డిష్ కాదు.

అపోహ: పిండి ఎంత మందంగా ఉంటే అంత అసలైన డీప్ డిష్.

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. లోతు గిన్నెది, పిండిది కాదు. డీప్ డిష్ పుట్టిన చికాగోలో పేరున్న దుకాణాల్లో అడుగు పొర పలుచగానే ఉంటుంది, పాన్ పిజ్జా బేస్ అంత మందం ఉండదు. నల్లగొండ, సూర్యాపేట ఇళ్లలో సర్వపిండి చేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. సర్వ అడుగున నూనె రాసి, పిండి ముద్దను వేళ్లతో వత్తుతూ గోడల మీదికి ఎక్కిస్తారు కదా, చికాగో వంటవాడి వేళ్లూ అదే పని చేస్తాయి. అక్కడా అడుగు నూనెలో వేగినట్టు కరకరలాడాలి. అక్కడా పిండి మందమైతే లోపల పచ్చివాసన మిగులుతుంది.

ఈ పిండిలో నూనె, వెన్న ఎక్కువ. మామూలు పిజ్జా పిండిలా ఎక్కువసేపు పిసకరు. ఎక్కువ పిసికితే సాగుతుంది, సాగితే బన్ను అవుతుంది. తక్కువ పిసికి, కొవ్వు ఎక్కువ కలిపితే కొరికినప్పుడు పొడిపొడిగా విరుగుతుంది. కొరికి చూసినప్పుడు రొట్టెలా మెత్తగా తగిలితే, అది ఎంత ఎత్తున్నా పాన్ పిజ్జాయే.

అపోహ: ఇది ఇటలీ వంట. అమెరికావాళ్లు రోజూ ఇదే తింటారు.

రెండూ తప్పే. ఇటలీలోని నేపుల్స్ పిజ్జా కట్టెల పొయ్యిలో దాదాపు 450 డిగ్రీల వేడిలో నిమిషం, నిమిషంన్నరలో కాలిపోతుంది. డీప్ డిష్ పుట్టింది చికాగోలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1943లో. టెక్సస్ నుంచి వచ్చిన ఐక్ సెవెల్, ఇటాలియన్ హోటల్ నడిపే రిక్ రికార్డో కలిసి ఓహాయో వీధిలో పిజ్జెరియా ఊనో తెరిచారు. వంటకం సృష్టించింది ఎవరన్న తగాదా ఇప్పటికీ తేలలేదు. అక్కడే పనిచేసిన రూడీ మాల్నాటిదే అసలు చెయ్యి అని ఆయన కుటుంబం అంటుంది. ఆయన కొడుకు లూ మాల్నాటి 1971లో సొంత దుకాణం పెట్టాడు. ఆ పేరు ఇప్పుడు చికాగో చుట్టుపక్కల చాలా పేటల్లో వినిపిస్తుంది. పైపొర కప్పిన స్టఫ్డ్ రకం ఇంకా తర్వాతిది. 1970ల్లో నాన్సీస్, జోర్డానోస్ అనే రెండు దుకాణాలు దాన్ని జనంలోకి తెచ్చాయి. రెండూ తమ మూలం ఇటలీ ఇళ్లలో ఈస్టర్ పండక్కి చేసే మూతవేసిన రొట్టె అనే చెబుతాయి. ఇటలీ వాటా అంతవరకే.

ఇక రోజూ తినడం సంగతి. చికాగో జనం మామూలు సాయంత్రాల్లో తినేది అప్పడంలా పలుచటి పిజ్జా. దాన్ని త్రికోణాలుగా కాకుండా చతురస్రాలుగా కోస్తారు. బార్లలో బీరుతో పాటు నంజుకోవడానికి పుట్టిన రకం అది. డీప్ డిష్ చుట్టాలు వచ్చినప్పుడు. చికాగో శివార్లలోని నేపర్‌విల్, అరోరా పేటల్లో స్థిరపడిన మనవాళ్లు మిర్యాలగూడ నుంచి వచ్చిన అమ్మానాన్నలను మొదటి వారం అరోరా బాలాజీ గుడికీ, రెండో వారం డీప్ డిష్‌కీ తీసుకెళ్తారు. ఆ తల్లిదండ్రులు తిరిగొచ్చి “అక్కడ అందరూ గిదే తింటరు” అని చెబుతారు. అపోహ ఊళ్లోకి దిగే దారి అదే.

అపోహ: చీజ్ మీద టమాటా పోశారంటే చేసినవాడికి పని రాదు.

అరగంట పైగా కాలాల్సిన దాని మీద చీజ్ పైన ఉంటే మాడి నల్లబడుతుంది. అందుకే చీజ్ కిందికి, తడి ఉన్న టమాటా పైకి. టమాటాను ముందుగా ఉడికించాల్సిన పనీ లేదు, ఓవెన్‌లోనే ఉడుకుతుంది. మన దగ్గర చిక్కు వేరే ఉంది. మన మార్కెట్ టమాటాలో నీళ్లెక్కువ. చిదిమి, ఉప్పు వేసి, గుడ్డలో అరగంట వడకట్టకపోతే పిజ్జా పులుసవుతుంది. కెచప్ పోసి సరిపెట్టే దుకాణం అయితే ఇంకో దుకాణం చూసుకోండి. ఆ తీపి అంతసేపటి వేడికి పాకంలా అంటుకుంటుంది.

అపోహ: చీజ్ ఎంత సాగితే అంత అసలుది.

సెల్‌ఫోన్ వీడియోలు పెంచి పోషించిన నమ్మకం ఇది. ముక్క ఎత్తితే చీజ్ మూరెడు సాగాలి, లేకపోతే డూప్లికేట్ అని తీర్పు. సాగడానికి కారణం పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు. మోజరెల్లా తయారీలో పులుపు ఒక మోతాదుకు చేరాక పెరుగుముద్దను వేడినీళ్లలో సాగదీస్తారు. కేసిన్ పోగులు పోగులుగా అమరి, కాల్షియం పట్టుతో నిలుస్తుంది. కానీ పాల కొవ్వు తీసేసి, దాని బదులు పామోలిన్ లాంటి నూనె, పిండి పదార్థం, కొంత కేసిన్ కలిపి చేసిన నకలు కూడా బ్రహ్మాండంగా సాగుతుంది, సాగాలనే దాన్ని అలా తయారుచేస్తారు. మరోవైపు అమూల్ డబ్బాలో వచ్చే ప్రాసెస్డ్ చీజ్ పాలతో చేసిందే, అయినా సాగదు. కరిగి మెత్తగా పరుచుకుంటుంది. చెడ్డార్ కూడా పెద్దగా సాగదు. సాగడం చూసి అసలు నకలు తేల్చలేం.

తేల్చేది కవరు. మొక్కల నూనె కలిపినదాన్ని చీజ్ పేరుతో అమ్మకూడదనేది ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. అందుకే అలాంటి ప్యాకెట్ల మీద ‘అనలాగ్’ అనో, ‘పిజ్జా టాపింగ్’ అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ తేడా పన్నుల దాకా వెళ్లింది. నూనె కొవ్వు గణనీయంగా ఉన్న పిజ్జా టాపింగ్‌ను చీజ్‌గా లెక్కించలేమని, 18 శాతం జీఎస్టీ కట్టాల్సిందేనని 2023లో హరియాణా అప్పీలు అథారిటీ తేల్చింది. పలుచని పిజ్జాలో నకలు చీజ్ మీద నాలుగు రకాల మసాలా చల్లితే తెలియకపోవచ్చు. డీప్ డిష్‌లో చీజ్ మందపాటి పొరగా ఉంటుంది, అక్కడ దాచడానికి చోటు లేదు. నోట్లో కొవ్వొత్తిలా మిగిలిపోతుంది. ప్యాకెట్ చూపించమని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. బియ్యం కొనేటప్పుడు గింజ నోట్లో వేసుకుని చూసే ఊళ్లు మనవి.

అపోహ: మైదా పేగులకు అంటుకుపోతుంది.

సినిమా పోస్టర్లు అంటించడానికి మైదా ఉడికించడం చూసిన కళ్లకు ఈ భయం సహజం. కానీ కడుపులోకి వెళ్లిన మైదా గోడకు అంటించిన మైదా కాదు. జీర్ణరసాలు దాన్ని చక్కెరగా విడగొడతాయి. అసలు ఇబ్బంది అది త్వరగా చక్కెర కావడంతోనే, పీచు లేకపోవడంతోనే. షుగరున్నవాళ్లు ఒక ముక్కతో ఆపాల్సింది అందుకే. రొట్టెల పిండిలో పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం వాడతారన్న భయం ఒకప్పుడు నిజమే. 2016లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని నిషేధించింది. “మాది గోధుమపిండి బేస్” అనే బోర్డు చూసి నిశ్చింతగా రెండింతలు తినేవాళ్లూ ఉన్నారు. పైనున్న చీజ్ ఎంతో లెక్కేసుకుంటే ఆ నిశ్చింత పోతుంది.

అపోహ: అంగుళాలు ఎక్కువున్నదే పెద్ద పిజ్జా.

మామూలు పిజ్జాలోనే ఈ లెక్క తప్పుతుంది. 7 అంగుళాలవి రెండు కలిపితే 14 అంగుళాలది ఒకటి కాదు, 10 అంగుళాలది ఒకటి అవుతుంది. వైశాల్యం అడ్డకొలత వర్గంతో పెరుగుతుంది కాబట్టి. డీప్ డిష్‌లో ఇంకో కొలత, లోతు, వచ్చి చేరుతుంది. 9 అంగుళాల టిన్నులో ఒకటిన్నర అంగుళం ఎత్తున నింపితే 95 ఘనపు అంగుళాలు. అరంగుళం మందమున్న 12 అంగుళాల పిజ్జా 57 మాత్రమే. చూపుకు చిన్నదే, కడుపుకు పెద్దది. క్వింటాళ్లలో బేరమాడే మిర్యాలగూడలో పిజ్జాను మాత్రం అంగుళాల్లో కొనడం నాకు వింతగానే ఉంటుంది. బరువు అడగండి. 9 అంగుళాల మంచి డీప్ డిష్ కిలోకు తగ్గకూడదు, నలుగురికి సరిపోతుంది.

అపోహ: ఇలాంటిది తినాలంటే హైదరాబాదో విజయవాడో పోవాలి.

పిజ్జా దుకాణాల్లో వెతికినంత కాలం ఈ మాట నిజంగానే కనిపిస్తుంది. త్వరగా అందించే దుకాణంలో బెల్టు ఓవెన్ ఉంటుంది. ఒక వైపు పెట్టిన పిజ్జా ఆరేడు నిమిషాల్లో మరో వైపు బయటికొస్తుంది. అందులో డీప్ డిష్ పెడితే పైన మాడుతుంది, అడుగున పచ్చిగా ఉంటుంది. అరగంటలో ఇంటికి చేరాలన్న అలవాటుకు, ఓవెన్‌లోనే అరగంట పైగా ఉండాల్సిన వంటకం నప్పదు. పిజ్జా దుకాణం చేతకాని పని ఇది. చెయ్యలేని దాన్ని బోర్డు మీద రాయడమే తప్పు.

కావలసిన సరంజామా ఉన్నది బేకరీలో. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలోనూ బన్నులు, కర్రీ పఫ్‌లు, కేకులు సొంతంగా కాల్చే బేకరీలు ఉన్నాయి. కింద, పైన వేడి విడివిడిగా తగ్గించి పెంచుకునే ఓవెన్ అక్కడ ఉంటుంది. కిలో కేకు టిన్ను ఉంటుంది, రెండంగుళాల లోతున్న అల్యూమినియం టిన్ను కన్నా డీప్ డిష్‌కు ఇంకేం కావాలి? మైదా, ఈస్టు, వెన్న వాళ్లకు రోజువారీ సరుకు. లేనిది అడిగేవాడు. షాపులో అద్దం వెనక చూపించి “ఇదివ్వు” అనడం తప్ప, ముందురోజు చెప్పి చేయించుకోవడం పుట్టినరోజు కేకుకే అలవాటైంది.

అడిగేటప్పుడు కొలతలతో అడగండి. 9 అంగుళాల టిన్నుకు మైదా పావుకిలో, నీళ్లు 130 మిల్లీలీటర్లు, వెన్న నూనె కలిపి 45 గ్రాములు, చిటికెడు ఈస్టు, ఉప్పు. కలిపి, పొంగాక, వెన్న రాసిన టిన్నులో వేళ్లతో వత్తి గోడ మీదికి ఒకటిన్నర అంగుళం ఎక్కించాలి. మోజరెల్లా పావుకిలో అడుగున. పుట్టగొడుగు, క్యాప్సికం, పాలకూర ఏదైనా ముందుగా వేయించి నీరు పోగొట్టినదై ఉండాలి. చికెన్ కీమా అయితే వండినది. పైన వడకట్టిన టమాటా 300 గ్రాములు. 220 డిగ్రీల్లో 35 నిమిషాలు. పొద్దున బన్నుల వాయి అయ్యాక ఓవెన్ బాగా కాగి ఉంటుంది, మధ్యాహ్నం బేకరీలో గిరాకీ పలుచన. ఆ వేళకు చెప్పుకుంటే మాస్టరుకూ చిరాకు ఉండదు. అంతా కలిపి చీజ్‌దే అసలు ఖర్చు కాబట్టి, కావాలంటే చీజ్ మీరే కొనిచ్చి కాల్చే కూలి మాట్లాడుకోవచ్చు. 

బేకరీలో కోయించొద్దు. బయటికి తీశాక పది నిమిషాలు కుదురుకోవాలి, లేకపోతే చీజంతా పళ్లెంలోకి జారుతుంది. అట్టపెట్టె ఈ బరువు మోయలేదు, అడుగు తడిసి ఊడుతుంది. టిన్నుకు కొంత డిపాజిట్ కట్టి టిన్నుతోనే ఇంటికి తెచ్చుకోండి. మిగిలిన ముక్కలు మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే అడుగు తోలులా సాగుతుంది. మందపాటి పెనం మీద, మూత పెట్టి, సన్న సెగన పది నిమిషాలు ఉంచితే అడుగు మళ్లీ కరకరలాడుతుంది.