గాలికుంటు రకమును తేల్చు పరీక్ష

గాలికుంటు సోకిన పశువు చొంగ కార్చును, కుంటును. మన దేశమున దీనికి మూలమైన వైరసులు ఓ, ఏ, ఆసియా-1 అను మూడు రకములు. 1995 తరువాత సి రకము కానరాలేదు. లక్షణములు ఒక్కటే; కాని ఒక రకపు టీకా వేఱొకదానిని ఆపజాలదు. హైదరాబాదున ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి టీకాలో మూడును చేర్చుదురు. అయినను వైరసు రూపు మాఱుచుండును గనుక, ఊళ్లనుండి వచ్చు మచ్చులతో టీకాను సరిచూడవలెను.

నాలుకమీది పొక్కుపొరను పశువైద్యుడు చల్లగా ప్రయోగశాలకు పంపును. అచ్చట పి.సి.ఆర్. పరీక్ష వైరసు జన్యుపదార్థమును అనేక రెట్లు పెంచి, కొన్ని గంటలలో రకమును తేల్చును.

రైతులారా! పొక్కు మానకమునుపే వైద్యునకు తెలుపుడు. ఆ పశువును మందలో విడువకుడు, సంతకు తోలకుడు. ఒకరు దాచిన రోగము ఊరి పాడినెల్ల చెఱుచును.