ట్రైనర్ గావాలె, సూదులిచ్చేటోడు గాదు

తమ్మీ, చెల్లే! పోలీసు ఈవెంట్స్ అనంగనే పొద్దుగాల్నే గ్రౌండుకు ఉరుకుతరు. అవి అయిపోయినంక బూట్లు మూలకు పడతయి. ఒళ్లు గట్టిగుండుడు ఒక్క నౌకరీ కోసమేనా? బీపీ, షుగర్ ఇప్పుడు మన ఊర్లల్ల గూడ ఉన్నయి గద!

పెద్దోళ్లు వారంల కనీసం 150 నిమిషాలు జోరుగ నడవాలె, రెండు దినాలన్న కండలకు బలమిచ్చే కసరత్తు చెయ్యాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. పొలంల చెమటోడ్చే పని గూడ లెక్కకొస్తది.

మరి ట్రైనర్ ఎందుకు? మంచి ట్రైనర్ మొదలు నీ పాత దెబ్బలు, బీపీ, నిద్ర గురించి అడుగుతడు. బస్కీలు, దండీలు సక్కగ తీసుడు నేర్పినంకనే బరువులు ముట్టనిస్తడు. బరువు కొద్దికొద్దిగ పెంచుతడు. నడుమ కండకు ఆరాం ఇప్పిస్తడు. కొన్ని నెలలకు నీయంతల నువ్వే చేసుకునేటట్టు తయారు జేస్తడు.

"నెల రోజులల్ల కండలు తెప్పిస్త" అని సూది తీస్తే మాత్రం ఆడ నిలవడకు. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని కరాబు జేస్తయి. మగోళ్లకు వీర్యకణాలు తగ్గుతయి. ప్రొటీన్‌కు గుడ్లు, పప్పు, పల్లీలు, పెరుగు లేవా?

ఒక్కలు ఫీజు కట్టలేకుంటే నలుగురు కలిసి ఒక ట్రైనర్‌ను మాట్లాడుకోండ్రి. బడి గ్రౌండే జిమ్ము. నౌకరీ వచ్చినా రాకున్నా, గ్రౌండును మాత్రం ఇడువకుండ్రి.