ఆడపాముకే గిరాకీ!

ఒకే తల్లి పెట్టిన గుడ్లు. ఒకేరోజు బయటికొచ్చిన పిల్లలు. రంగూ ఒకటే, మచ్చలూ ఒకటే. అయినా అమెరికాలో పెంపుడు పాములమ్మే చోట ఆడపాముకో ధర, మగపాముకో ధర! సాధారణంగా ఆడదే ఖరీదు.

అక్కడి ఇళ్లలో బాగా కనిపించేది బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమాఫ్రికా దేశాల్లో పుట్టే చిన్నసైజు కొండచిలువ. విషం లేదు. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, ఆ పేరు అందుకే.

ధరలో తేడా ఎందుకంటారా? ఊరందరి గేదెలకూ ఒక్క దున్నపోతు సరిపోయినట్టే, ఇక్కడా ఒక్క మగపాము ఒకే సీజన్‌లో నాలుగైదు ఆడవాటితో జతకట్టగలదు. పైగా అది ఏడాది, ఏడాదిన్నరకే సిద్ధం. ఆడది అలా కాదు. సుమారు కిలోన్నర బరువు తూగాలి. అందుకు రెండున్నర, మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఎలుకలు వేసి మేపాల్సిందే. తీరా పెట్టేది ఏడాదికి ఒకే విడత, ఆరేడు గుడ్లు. కడుపుతో ఉన్నన్నాళ్లూ చాలావరకు తిండి ముట్టదు. గుడ్లను చుట్టుకుని పడుకుంటే మరో రెండు నెలలు పస్తే! అలా చిక్కిపోయినవి మరుసటి ఏడాది గుడ్లు పెట్టకపోవచ్చు కూడా. అంటే, కొనేవాడు ఇచ్చేది పాము ధర కాదు... ఆ మూడేళ్ల ధర.

అలాగని మగపాము ఎప్పుడూ చవకేం కాదు. 1992లో అమెరికాలో తొలిసారి అల్బినో బాల్ పైథాన్లను పుట్టించాక కొత్త రంగుల వేట మొదలైంది. అరుదైన రంగున్న మగది దొరికిందా, ఒక్క సీజన్‌లోనే ఆ లక్షణాన్ని నాలుగైదు కాన్పులకు పంచేస్తుంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది. మామూలు రంగు మగపిల్లలే తక్కువకి పోతాయి. గుడ్లతో పనిలేక, సరదాగా పెంచుకునేవారికి నిజానికి అవే మేలు.

అసలు చిక్కంతా ఆడో మగో తేల్చడంలోనే. పిల్లల తోక మొదట్లో నొక్కి చూస్తారు. పెద్దవాటికైతే మొద్దుగా ఉన్న సన్నటి పుల్లను లోపలికి పోనిస్తారు. మగదైతే ఎక్కువ లోతుకు దిగుతుంది. చేయి తిరగనివాళ్లు పొరబడితే, ఆడదనుకుని మూడేళ్లు మేపింది మగదని తేలుతుంది!

మన దగ్గర జెర్రిపోతునో, కొండచిలువనో పట్టి పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల వివరాలు నమోదు చేయించాలని 2022 సవరణ చెబుతోంది.

వయసు మీదపడితే ఆడపాము పనికిరాదనీ అనుకోవద్దు. సెయింట్ లూయిస్ జూలోని ఓ బాల్ పైథాన్ 1961లో అక్కడికి చేరింది. 2020లో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు అరవై దాటిందని అంచనా. మగపాము పక్కకు వచ్చి కనీసం పదిహేనేళ్లయింది!