పాఠ్యాన్ని చిత్రంగా పంచుకోవడం: తెలుగు పరిశోధన పత్రాల దృష్ట్యా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
టైపు చేసిన తెలుగు పాఠ్యాన్ని చిత్రంగా మార్చి పంచుకోవడం పరిశోధకులలో స్థిరపడిన అలవాటు. దీనికి గల సాంకేతిక కారణాలను, పాఠ్యానికి కలిగే నష్టాన్ని, చిత్రం తప్పనిసరైన సందర్భాలలో పాటించవలసిన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: యూనికోడ్, ఫాంటు, చిత్రరూప పాఠ్యం, పిఎన్‌జి, జేపెగ్, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక:
సదస్సు ఆహ్వానమైనా, ఒక పద్యానికి చేసిన గణవిభజన అయినా వాట్సాప్‌లో తరచుగా చిత్రరూపంలోనే అందుతుంది. అక్షరం చెదరలేదన్న నిశ్చింత పంపినవారికి కలుగుతుంది. అందుకున్నవారు దానిని చదువుకోగలరు గాని, అందులోని ఒక్క వాక్యాన్ని ఉల్లేఖించవలసి వచ్చినా తిరిగి టైపు చేసుకోవలసిందే. ఆ క్రమంలో దొర్లే ముద్రణదోషం మూలరచయిత పేరుతోనే సిద్ధాంతగ్రంథంలోకి చేరుతుంది.

2. చిత్రాన్ని ఆశ్రయించడానికి కారణాలు:
డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్‌తో పాటు వాడుకలోకి వచ్చిన అను వంటి ఫాంట్లు తెలుగు అక్షరఖండాలను రోమన్ లిపికి కేటాయించిన సంకేతస్థానాలలో అమర్చుకున్నాయి. తలకట్టు, గుడి, వత్తు వేర్వేరు ముక్కలుగా ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే పత్రం అర్థంలేని రోమన్ అక్షరాల వరుసగా కనిపిస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. అయినా పాత ఫాంట్లలో కూర్చిన వ్యాసాలు, పుస్తకాలు నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. వాటిని ఉన్నది ఉన్నట్లుగా చూపడానికి చిత్రమే దగ్గరి దారి అయింది.

ప్రాచీన సాహిత్య పరిశోధకులకు మరో ఇబ్బంది ఉంది. దంత్య చ, జలైన ౘ, ౙ లకు 2008లోను, శాసనాలలో కనిపించే ఴ కు 2014లోను, నకారపొల్లుకు 2021లోను మాత్రమే యూనికోడ్‌లో స్థానం లభించింది. స్థానం లభించినంత మాత్రాన ప్రతి ఫాంటులోను ఆ అక్షరరూపం చేరదు. అవతలివారి ఫోనులో నకారపొల్లుకు బదులు ఖాళీ గడి కనిపిస్తుందని తెలిసిన పరిశోధకుడు చిత్రాన్ని పంపడంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పద్యపాదం మీద వరుసగా గుర్తించిన గురులఘు చిహ్నాల స్థితి కూడా ఇదే. ఫాంటు మారితే చిహ్నం ఒక అక్షరం పక్కకు జరుగుతుంది, గణం మారిపోతుంది.

3. పాఠ్యం కోల్పోయేది:
ఒక పుటలో సుమారు 1500 యూనికోడ్ సంకేతాలు ఉన్నాయనుకుంటే, యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున అది 4500 బైట్లకు మించదు. అదే ఎ4 పుటను అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో చిత్రంగా మారిస్తే 2480 × 3508, అంటే దాదాపు 87 లక్షల పిక్సెళ్లు అవుతాయి. ఇంత పెరిగినా అందులో ఒక్క అక్షరాన్ని కూడా కంప్యూటరు అక్షరంగా గుర్తించదు. అన్వేషణలో ఆ వ్యాసం దొరకదు, పదసూచి తయారు కాదు. అన్నింటికంటే ముఖ్యంగా, స్క్రీన్ రీడర్ సాయంతో చదువుకునే అంధ విద్యార్థికి ఆ పుట పూర్తిగా మూసుకుపోతుంది.

ఓసిఆర్ ఉన్నది కదా అన్న సమాధానం తరచుగా వినిపిస్తుంది. టెసెరాక్ట్, గూగుల్ డ్రైవ్ వంటివి తెలుగును గుర్తించే మాట నిజమే. అయితే ‘సంఘం’ కాస్తా ‘సంఫుం’గా మారిన చోట పాఠకుడు దోషాన్ని వెంటనే పసిగడతాడు. ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అయిన చోట ఆగడు. ప్రాచీన కావ్యంలో అరసున్న జారిపోతే అది అసలే కంటబడదు. ఇటువంటి యంత్రదోషం సరిచూసుకోని ప్రతిలో నిలిచిపోతే, రేపటి పరిష్కర్త దానిని పాఠాంతరంగా లెక్కించే ప్రమాదం ఉంది.

4. చిత్రం తప్పనిసరైనప్పుడు:
జేపెగ్ పద్ధతి చిత్రాన్ని 8 × 8 పిక్సెళ్ల గడులుగా విభజించి, కంటికి అంతగా ఆనని సూక్ష్మాంశాలను తగ్గించి చిన్నదిగా చేస్తుంది. ముఖచిత్రాలకు, ప్రకృతి దృశ్యాలకు ఇది సరిపోతుంది. తెలుగు లిపిలో మాత్రం అర్థభేదం ఆ సూక్ష్మాంశాలలోనే ఉంటుంది. పైన పేర్కొన్న ‘అర్థం’, ‘అర్ధం’ మాటలను వేరు చేసేది వత్తులోని చుక్క ఒక్కటే. 12 పాయింట్ల అక్షరానికి 150 చుక్కల స్పష్టతలో దక్కే ఎత్తు మొత్తం 25 పిక్సెళ్లు. అందులో వత్తుకు, ఆ వత్తులోని చుక్కకు మిగిలేది ఎంతో ఊహించవచ్చు. 300 చుక్కలలో ఈ ఎత్తు 50 పిక్సెళ్లకు పెరుగుతుంది.

అందువల్ల పాఠ్యాన్ని చిత్రంగా మార్చేటప్పుడు ఏ అంశాన్నీ విడువని పిఎన్‌జి పద్ధతిని ఎంచుకోవాలి. తెరమీది పుటను స్క్రీన్‌షాట్ తీస్తే తెరకున్న పిక్సెళ్లే వస్తాయి. దానికి బదులు పత్రాన్ని మొదట పిడిఎఫ్‌గా భద్రపరచి, గింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 300 చుక్కల స్పష్టతను సూచించి తెరవడం మేలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ శ్రమ వృథా అవుతుంది, ఎందుకంటే అది చిత్రాన్ని మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా జతచేస్తే ఫైలు యథాతథంగా చేరుతుంది.

తాళపత్రాల, శాసనాల ఛాయాచిత్రాల విషయం వేరు. అక్కడ చిత్రమే ఆధారం. దానితోపాటు యూనికోడ్‌లో పాఠాన్ని కూడా ఇస్తే, చదివినవారు రెండింటినీ సరిపోల్చుకోగలుగుతారు.

5. పిడిఎఫ్‌లోని పాఠ్యం:
చిత్రానికి బదులు పిడిఎఫ్ పంపితే చాలని భావించేవారూ ఉన్నారు. పాత ఫాంటులో కూర్చిన పిడిఎఫ్ చూడడానికి నిర్దుష్టంగా ఉన్నా, అందులోంచి నకలు తీసిన వాక్యం రోమన్ అక్షరాలుగానే వస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసినదానిలో సైతం కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షరరూపాలకు, సంకేతాలకు మధ్య లంకెను సరిగా భద్రపరచవు. అప్పుడు గుణింతాలు, సంయుక్తాక్షరాలు తారుమారవుతాయి. దీనిని తెలుసుకోవడానికి నిమిషం చాలు. ‘శాస్త్రం’, ‘క్షేత్రం’ వంటి మాటలున్న ఒక వాక్యాన్ని పిడిఎఫ్ నుంచి నకలు చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడాలి. అక్షరాలు చెదిరితే, పిడిఎఫ్‌తో పాటు మూల వర్డ్ ఫైలును కూడా పంపవలసి ఉంటుంది.