తోటల్లో తెలుగు మాట

ఆకివీడులో పెద్దవాళ్లని అడగండి. మిషను ఆసుపత్రి గురించి చెబుతారు. కెనడా నుంచి వచ్చిన డాక్టరు పెరల్ ఛూట్ అనే ఆవిడ ఇక్కడ ఎన్నో ఏళ్లు వైద్యం చేశారు. అలా వచ్చిన మిషను వాళ్లు ముందు తెలుగు నేర్చుకునేవారు. రోగి బాధ రోగి మాటలోనే వినాలి గదా!

పరాయి దేశం వాళ్లు మన దగ్గరికి వచ్చిన సంగతి ఇది. మన తెలుగాయన ఒకరు మిషనరీగా సముద్రం దాటి వెళ్లారు. ఆయన వెళ్లింది అక్కడున్న మనవాళ్ల కోసం. ఆయన పేరు జాన్ రంగయ్య. నెల్లూరు ఆయన.

మనవాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లారు?

దక్షిణాఫ్రికాలో నేటాల్ అనే చోటు ఉంది. అప్పట్లో అక్కడ తెల్లదొరల పాలన. దొరలు చెరకు తోటలు వేశారు. కూలీలు చాల్లేదు. మన దేశం నుంచి రప్పించుకున్నారు. మొదటి ఓడ పేరు ట్రూరో. మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. 1911 వరకు అలా ఓడలు వెళ్తూనే ఉన్నాయి. మొత్తం 1,52,000 మందికి పైగా వెళ్లారు. అందులో తమిళులు, తెలుగువాళ్లు, హిందీ వాళ్లు ఉన్నారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల వాళ్లూ ఉన్నారు.

ఎక్కే ముందు ఒక ఒప్పంద కాగితం. అయిదేళ్లు పని చెయ్యాలి. మధ్యలో మానడానికి లేదు. ఆ కాగితంలో ఏముందో స్వయంగా చదువుకోగలిగిన కూలీలు చాలా తక్కువ.

మొదటి ఏడు మగవాళ్లకి నెలకి 10 షిల్లింగులు. ఆడవాళ్లకి 5. చెరకు నరికే చేతికి ఆడా మగా తేడా ఏముంటుంది? జీతంలో మాత్రం సగానికి సగం తేడా. బియ్యం, పప్పు, ఉప్పు తోటవాళ్లే కొలిచి ఇచ్చేవారు. తోట దాటి వెళ్లాలంటే చీటీ ఉండాలి. చీటీ లేకుండా కనబడితే పోలీసులు పట్టుకునేవారు.

1895లో ఇంకో చట్టం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కూలీలు ఒప్పందం అయిపోయాక అక్కడే ఉండాలంటే ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మగవాడి ఆరు నెలల జీతం! ఆడవాళ్ల జీతంతో అయితే పన్నెండు నెలలు. లెక్క వేసి చూడండి. ఎన్నో పోరాటాల తర్వాత 1914లో ఆ పన్ను పోయింది.

ఇలా వెళ్లినవాళ్లలో నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు కొందరు ఉన్నారు. పొద్దంతా తోట పని. ఆదివారం వస్తే కూడుకుని ప్రార్థన చేసుకునేవారు. తెల్లవాళ్ల గుళ్లు ఉన్నాయి. కాని అక్కడ చెప్పేది ఇంగ్లీషు. పెళ్లికి, చావుకి తెలుగులో నాలుగు మాటలు చెప్పే పాస్టరు లేడు. తమకి ఒకరిని పంపమని స్వదేశానికి కబురు చేశారు.

తెలుగు బాప్టిస్టు సంఘాల వాళ్లకి సొంత మిషను సంఘం ఉంది. ఆ సంఘం 1903లో రంగయ్య గారిని పంపింది. ఆయనకి అప్పటికి నలభై ఏళ్లు నిండలేదు. భార్యాబిడ్డలతో ఓడ ఎక్కారు. అంతవరకు మిషనరీ అంటే తెల్లవాడే అనుకునేవారు. తెలుగు సంఘం తెలుగాయన్ని వేరే దేశం పంపడం కొత్త సంగతి.

ఆయన కియర్స్నీ అనే చోట ఉన్నారు. అది హ్యూలెట్ అనే దొర గారి టీ తోట. 1903 డిసెంబరు 27న అక్కడ తెలుగు బాప్టిస్టు సంఘం మొదలయింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లలోనూ సంఘాలు ఏర్పడ్డాయి. బైబిలు తెలుగులో చదివేవారు. పాట తెలుగులో పాడేవారు. వారమంతా తోటలో దొర మాట విని, ఆదివారం అమ్మ మాట వినడం ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు. కువైట్‌లోనో మస్కట్‌లోనో పనికి వెళ్లి వచ్చిన అక్కలు అయితే ఇట్టే చెప్పగలరు.

రంగయ్య గారు 1915లో కన్నుమూశారు. అప్పటిదాకా ఆయన చేసింది ఆ పనే.

ఆ ఓడల్లో వెళ్లిన తెలుగువాళ్లలో ఎక్కువమంది హిందువులు. అందరి భాషా ఒకటే. తెలుగు మరిచిపోకూడదని 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1996లో ఆ దేశం రాసుకున్న రాజ్యాంగంలో, గౌరవం ఇవ్వవలసిన భాషల్లో తెలుగు పేరు కూడా ఉంది. అయితే మునిమనవలు ఇప్పుడు ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడతారు. తెలుగు రాని వాళ్ల పేర్ల చివర కూడా నాయుడు, రెడ్డి ఇంకా ఉన్నాయి.