మీకు తెలుసా? ఎత్తబడుట ముందా, శ్రమలు ముందా?

 

● క్రీస్తు రాకడలో సంఘం, అంటే విశ్వాసులు, ఆకాశానికి ఎత్తబడుతుందనే నమ్మకానికి ఆధారం 1 థెస్సలొనీకయులకు 4:17. అంత్యదినాల్లో రావలసిన ఏడేండ్ల శ్రమకాలం లెక్క దానియేలు 9:27 నుంచి తీసింది. ఎత్తబడుట ఆ శ్రమలకు ముందా, మధ్యలోనా, తర్వాతా అన్నదే వాదం.

● ‘ముందే’ అన్న బోధను 1830ల నుంచి వ్యాప్తి చేసినవాడు బ్రదరెన్ బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ. 1909 నాటి స్కోఫీల్డ్ వ్యాఖ్యల బైబిలుతో అది మరింత పాకింది.

● అదే బ్రదరెన్ సమాజపు మిషనరీలు బౌడెన్, బీర్ 1836లో భారతదేశానికి వచ్చి, నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సేవ చేశారు.

● కాథలిక్, ఆర్థడాక్స్ సంఘాలు శ్రమలకు ముందు వేరే ఎత్తబడుట ఉందని బోధించవు.